కార్తీక వనభోజనాలు స్పేస్ కోస్ట్‌లో: వాలంటీర్ల ప్రణాళిక

సమన్వయకర్త

అందరికీ నమస్కారం. ఈ ఏడాది కార్తీక వనభోజనాలు ఓర్లాండోలో మనం ఎప్పుడూ వెళ్లే పార్కులో కాకుండా, స్పేస్ కోస్ట్ అని పిలిచే ఫ్లోరిడా తూర్పు తీరానికి మార్చాలని కార్యవర్గం నిర్ణయించింది. నవంబరు మూడో శని, ఆదివారాలు. అప్పటికి ఎండ తీవ్రత తగ్గుతుంది, దోమలు తగ్గుముఖం పడతాయి, ఉత్తరాది నుంచి చలికాలపు పక్షులు దిగడం మొదలవుతుంది.

ఈ మాట చెప్పగానే చాలామంది "కెనెడీ స్పేస్ సెంటర్ చూసి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నారు. దాన్ని చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే అది ఒక్కటే చూసి వస్తే ఆ తీరంలో సగమే చూసినట్టు. 1960ల మొదట్లో నాసా మెరిట్ ఐలాండ్‌లో పెద్ద ఎత్తున భూమి సేకరించింది. రాకెట్లకు చుట్టూ మనుషులు లేని జాగా కావాలి. ప్రయోగ వేదికలకు, కట్టడాలకు పోగా మిగిలిన నేలను, నీటిని 1963లో వన్యప్రాణి శాఖకు అప్పగించింది. అదే ఇప్పటి మెరిట్ ఐలాండ్ వన్యప్రాణి ఆశ్రయం. దాదాపు 1,40,000 ఎకరాలు. ఆ తీరంలో మిగతా చోట్ల హోటళ్లు, ఇళ్లు సముద్రం అంచు దాకా వచ్చేశాయి. ఇక్కడ మాత్రం రాకెట్ల కోసం వదిలిన దూరమే పక్షులకు, తాబేళ్లకు కాపుదల అయింది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. శ్రీహరికోటలోనూ ఇంతే. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పులికాట్ సరస్సు, మధ్యలో ఇస్రో రాకెట్ కేంద్రం షార్. సూళ్లూరుపేట నుంచి లోపలికి వెళ్లే దారిలో చలికాలంలో ఫ్లెమింగోలు బారులు తీరి కనిపిస్తాయి, కాస్త దూరంలో నేలపట్టు పక్షుల కేంద్రం. ఈ రెండు రాకెట్ కేంద్రాలూ తూర్పు తీరంలోనే ఎందుకున్నాయో పిల్లలతోనే చెప్పించాలని నా కోరిక. భూమి తిరిగే వేగం రాకెట్టుకు కలిసి వస్తుంది, రాలిపడే భాగాలు సముద్రంలో పడతాయి.

అందుకే నా ప్రతిపాదన: శనివారం వన్యప్రాణి ఆశ్రయం, వనభోజనాలు, సముద్రం. ఆదివారం అంతరిక్షం. ఈ రెంటినీ ఒక్క రోజులో ఇరికించడానికి నేను ఒప్పుకోను. అభ్యంతరాలు ఉంటే రాయండి.

రవాణా

బస్సు విషయం ముందే తేల్చుకుందాం. పక్షులను చూసే బ్లాక్ పాయింట్ దారి మట్టి దారి, 7 మైళ్లు, ఒకవైపు ప్రయాణమే. ఎదురుగా ఏదైనా పక్షి కనిపిస్తే ముందున్నవారు ఆగిపోతారు, వెనుకవాళ్లు ఓపిక పట్టాలి. దానికి కార్లు, చిన్న వ్యాన్లే మేలు. పెద్ద బస్సు నేరుగా టైటస్‌విల్‌లోని శాండ్ పాయింట్ పార్కుకు వెళుతుంది. వంట సామాను, అంత పొద్దున్నే తిరగలేని పెద్దవారు అందులో వస్తారు.

వంతెన దాటి ఆశ్రయంలోకి వెళ్లాక పెట్రోలు బంకు గానీ దుకాణం గానీ ఉండవు. ట్యాంకు నింపుకోవడం, నీళ్ల సీసాలు పెట్టుకోవడం ఊళ్లోనే పూర్తి కావాలి. జాతీయ పార్కుల వార్షిక పాసు ఉన్నవారు మరవకుండా తెచ్చుకోండి, ఈ దారికీ బీచికీ రెండింటికీ చెల్లుతుంది. ప్రయోగాల వల్ల, వానల వల్ల దారి అప్పుడప్పుడు మూసేస్తారు. శుక్రవారం సాయంత్రం కనుక్కునే పని నాది.

పిల్లల కార్యక్రమాలు

రెండు రోజులు బాగుంది. కానీ ఒక సందేహం. మావాళ్లు రాకెట్ అంటే ఎగిరి గంతేస్తారు. పొద్దున్నే లేపి పక్షుల దగ్గరికి తీసుకెళితే గంటలో విసుగు రాదా? ఇంకొకటి, భోజనాల తర్వాత పిల్లలందరితో రంగు రంగుల బెలూన్లు గాల్లోకి వదిలిస్తే ఫోటోలు బాగా వస్తాయి అనుకుంటున్నాను.

సమన్వయకర్త

అక్కా, బెలూన్లు వద్దు. కావాలని బెలూన్లు గాల్లోకి వదలడాన్ని 2024 జులై నుంచి ఫ్లోరిడా చట్టం నిషేధించింది. అవి చివరికి చేరేది సముద్రానికే. తాబేళ్లు వాటిని తినే వస్తువనుకొని మింగుతాయి. మనం నిలబడే తీరం తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. గాలిపటాలో, కాగితపు రాకెట్లో పెట్టండి.

విసుగు సంగతికి వస్తే, పిల్లల చేతికి ఒక పని ఇవ్వాలి. బ్లాక్ పాయింట్‌లో గులాబీ రంగు తెడ్డుమూతి కొంగను మొదట ఎవరు చూస్తారో చూద్దాం అనండి చాలు. దూరం నుంచి చూసి అందరూ ఫ్లెమింగో అంటారు. దగ్గరికి వచ్చాక మూతి చూడాలి. చివర వెడల్పుగా, చదునుగా, తెడ్డులాగే ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ సగం తెరిచిన మూతిని అటూ ఇటూ ఊపుతూ పోతుంది. చిన్న చేపో రొయ్యో తగిలిన క్షణంలో మూతి మూసుకుంటుంది. తినే తిండి నుంచే ఆ గులాబీ రంగు వస్తుంది. కారు ఇంజను ఆపి, అద్దాలు దించి, ఎవరూ మాట్లాడకుండా కాసేపు చూడనివ్వండి. గూడబాతులు, బాతులు, రకరకాల కొంగలు సరేసరి. అదృష్టం ఉంటే, ప్రపంచంలో ఫ్లోరిడాలో తప్ప ఇంకెక్కడా లేని నీలి రంగు స్క్రబ్ జే పక్షి కూడా ఆశ్రయంలో కనిపించవచ్చు.

కాలువ గట్ల మీద మొసళ్లు ఎండ కాచుకుంటూ ఉంటాయి. కదలకపోతే కట్టె అనుకొని పిల్లలు దగ్గరికి పోతారు. ప్రతి కారులో ఒక పెద్దవారు దీనికే బాధ్యత తీసుకోవాలి. వాటికి తిండి వేయడం చట్టప్రకారం నేరం. ఒకసారి మనిషి చేతి తిండి మరిగిన మొసలి మనిషిని చూసి బెదరదు.

అక్కడి నుంచి హాలోవర్ కాలువ దగ్గర మానటీలను (గడ్డి మేసే పెద్ద నీటి జంతువులు, సముద్రపు ఆవులంటారు) చూసే చెక్క వేదికకు వెళదాం. నీళ్ల మీద నున్నటి వలయం లేచిందంటే కింద మానటీ తోక ఆడించిందని గుర్తు. కాసేపటికి ముక్కు రంధ్రాలు రెండు పైకి తేలి, ఊపిరి పీల్చుకొని మునిగిపోతాయి. వీటి కష్టం కూడా పెద్ద పిల్లలకు చెప్పాలి. ఇండియన్ రివర్ లగూన్‌లోకి (టైటస్‌విల్ పక్కన ఉన్న ఉప్పునీటి కయ్య, మనం నది అనేది దీన్నే) ఎరువులు, మురుగు చేరి నాచు విపరీతంగా పెరిగింది. ఎండ కిందికి దిగక అడుగున ఉండే సముద్రపు గడ్డి చచ్చిపోయింది. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద 1,100 మానటీలు చనిపోయాయి, వాటిలో చాలా వాటికి తిండి లేకే. ఆ చలికాలంలో కేప్ కెనావెరల్ విద్యుత్ కేంద్రం దగ్గర అధికారులే లెట్యూస్ ఆకులు వేసి వాటిని బతికించే ప్రయత్నం చేశారు. ఇళ్ల ముందు పచ్చిక పెంచుకునే మనందరికీ ఈ కథలో భాగం ఉంది.

భోజనాలు

పదకొండున్నరకు వడ్డన మొదలు. పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం, ముద్దపప్పు, గుత్తి వంకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు. కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండానే వండుతున్నాం. పూజకు ఉసిరి చెట్టు అక్కడ దొరకదు. కుండీలో ఉసిరి మొక్క పెంచుతున్నవారు ఒకరు తెస్తామన్నారు, బస్సులో దానికి ముందు సీటు దగ్గర చోటు ఉంచండి.

విస్తరాకులే వాడదాం. ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ పళ్లేలు నేను కొనను, ఎవరూ తేవద్దని మనవి. నది గాలికి ఎగిరి నీళ్లలో పడితే పట్టుకోలేం. పార్కులో షెల్టర్ ముందుగా మాట్లాడి పెట్టే బాధ్యత ఎవరిది? పొయ్యి వెలిగించడానికి అనుమతి కూడా అప్పుడే అడగాలి. ఇవ్వకపోతే వండినవి వేడి పెట్టెల్లో తెస్తాం.

సమన్వయకర్త

షెల్టర్, అనుమతి నేను చూస్తాను. ఆ పార్కు నుంచి నది అవతల పెద్ద చదరపు భవనం కనిపిస్తుంది. రాకెట్లను నిలువుగా పేర్చే వెహికల్ అసెంబ్లీ భవనం అదే. ఎత్తు 525 అడుగులు. అన్నం తింటూ చూడవచ్చు. పక్కనే ఉన్న స్పేస్ వ్యూ పార్కులో వ్యోమగాముల చేతి ముద్రలు ఉన్నాయి, టికెట్టు లేదు.

భోజనాలయ్యాక ప్లాయాలిండా బీచి. 1975లో ఏర్పాటైన కెనావెరల్ జాతీయ సముద్రతీరంలో దక్షిణపు కొస ఇది. మొత్తం 24 మైళ్ల తీరంలో కట్టడం అన్నది ఉండదు. అందువల్ల మంచినీళ్లు, స్నానపు కుళాయిలు కూడా ఉండవు. పార్కింగు స్థలాలకు 1 నుంచి 13 వరకు సంఖ్యలున్నాయి. మనం మొదటి రెండు మూడింటిలోనే ఆగాలి. ఉత్తరపు చివర 13వ స్థలం వైపు దుస్తులు లేకుండా తిరిగేవారు ఉంటారు, పిల్లలను అటు పంపవద్దు. చలికాలంలో సాయంత్రం 6కు గేటు మూస్తారు కాబట్టి ఐదున్నరకే బయలుదేరాలి.

కొత్త వాలంటీరు

అన్నా, ఏదైనా రాకెట్ ప్రయోగం ఉన్న రోజు చూసి తేదీ పెట్టుకుంటే రెండూ కలిసి వస్తాయి కదా?

సమన్వయకర్త

తమ్ముడూ, ఆశ నాకూ ఉంది. కానీ ప్రయోగం తేదీని నమ్ముకొని ఇంతమందికి వంట చేయలేం. పైన గాలులు బలంగా వీచినా, దగ్గరలో మెరుపులున్నా వాయిదా వేస్తారు. పైగా కొన్ని ప్రయోగాలకు ప్లాయాలిండా మూసేస్తారు, వంతెన మీద వాహనాలు ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోతాయి. మన తేదీ మనది. ఆ రెండు రోజుల్లో ఏదైనా పడితే నది ఒడ్డునే చాపలు పరుచుకొని చూద్దాం. వెలుగు కనిపించాక చప్పుడు మన దాకా రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. రాకెట్టు కింది దశ తిరిగి కేప్ కెనావెరల్‌లో నేల మీదే దిగితే పిడుగు పడ్డట్టు శబ్దం వస్తుంది, చంటిపిల్లల తల్లులకు ముందే చెప్పాలి.

ఆదివారం వరుస ఇది. తొమ్మిదికి ముందే కెనెడీ స్పేస్ సెంటర్ గేటు దగ్గర ఉండి, లోపలికి వెళ్లగానే అక్కడి బస్సెక్కి, మనుషులను చంద్రుడి దగ్గరికి పంపిన రాకెట్టు సాటర్న్ 5 భవనానికి. మధ్యాహ్నం వరుసలు పెరుగుతాయి. 363 అడుగుల రాకెట్టు తల కింద నుంచి తోక దాకా నడిచి చూడాలి. చంద్రుడి రాయిని వేలితో తాకే వీలు కూడా అక్కడే ఉంది.

తిరిగి వచ్చాక అట్లాంటిస్ స్పేస్ షటిల్. ముందు వేసే చిత్రం చివర ఏం జరుగుతుందో పిల్లలకు ముందే చెప్పవద్దు. షటిల్‌ను 43.21 డిగ్రీల వాలులో వేలాడదీశారు, ఆ అంకెలు వరసగా చదివితే ఎందుకో తెలుస్తుంది. పొట్ట కింది నల్ల పలకలను తీరిగ్గా చూడండి. 33 సార్లు వెళ్లి వచ్చిన మసి చారలు అలాగే ఉన్నాయి. 2007 జూన్‌లో సునీతా విలియమ్స్ మొదటి యాత్ర ముగించి భూమికి వచ్చింది ఇందులోనే.

దాని కిందనే, ప్రమాదాల్లో కూలిన చాలెంజర్, కొలంబియా షటిళ్ల వ్యోమగాములు 14 మంది స్మారకం ఉంది. చాలెంజర్ పక్క భాగం జెండా గుర్తుతో, కొలంబియా కిటికీల చట్రాలు అక్కడ ఉంచారు. కల్పనా చావ్లా 2003 జనవరి 16న బయలుదేరింది ఇక్కడి 39ఎ వేదిక నుంచే. ఫిబ్రవరి 1న దిగాల్సిందీ ఇక్కడి రన్‌వే మీదే. అక్కడ గుంపుగా ఫోటోలు దిగవద్దు. పెద్ద పిల్లలను చిన్న చిన్న జట్లుగా తీసుకెళ్లి, ఆమె కథ తెలుగులో చెప్పే బాధ్యత నేను తీసుకుంటాను. అదే వేదిక నుంచి 2021లో రాజా చారి, 2025లో శుభాంశు శుక్లా వెళ్లారని కూడా చెబుతాను. రాజా చారి తండ్రి హైదరాబాదు నుంచి వచ్చినవారు.

రవాణా

పెద్దల టికెట్టు 70 డాలర్లు దాటింది, కాబట్టి ఆదివారం వచ్చేదీ రానిదీ ఖాయంగా తెలియాలి. బృందానికి తగ్గింపు గురించి టికెట్ల కార్యాలయంతో మాట్లాడతాను. శనివారానికి డబ్బు ఇబ్బంది ఎవరికీ ఉండదు, ఆ రోజు అందరూ రండి.

సమన్వయకర్త

టికెట్టు భారం అనిపించే విద్యార్థులు ఉంటే నాకు విడిగా రాయండి, సంఘం నిధి నుంచి చూద్దాం. శనివారం ఉదయం 6 గంటలకు కార్లు కదలాలి. పేర్లు ఇచ్చేటప్పుడు మూడు విషయాలు రాయండి: కారులో ఖాళీ సీట్లు ఎన్ని, ఊరి నుంచి వచ్చిన పెద్దవారికి చక్రాల కుర్చీ కావాలా, ఇంట్లో దుర్భిణి ఉందా. దుర్భిణులు ప్రతి రెండు కార్లకు ఒకటైనా ఉండాలి.