రొయ్యల గుంటల చుక్కల పటం: గ్రూపులకు రంగులు చాలా, విడివిడి పటాలు వేయాలా?

విడవలూరు గుంటలు

అందరికీ నమస్కారం. విడవలూరు, అల్లూరు వైపు వెనామీ గుంటలకు టెక్నీషియన్‌గా తిరుగుతుంటాను. మూడు పంటల నుంచి 64 గుంటల లెక్కలు నోట్‌బుక్‌లో రాసుకుని ఇప్పుడు ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. అడ్డం గీత మీద చదరపు మీటరుకు ఎన్ని పిల్లలు వదిలారన్నది, నిలువు గీత మీద వందో రోజున విసురు వలతో తీసిన శాంప్లింగ్‌లో వచ్చిన సగటు బరువు, గ్రాముల్లో. గ్రూపులు మూడు: ఉప్పుటేటి నీళ్లు పెట్టినవి, బోరు నీళ్లవి, రెండూ కలిపినవి.

మొదట రంగు లేకుండా వేశాను. ఊక చల్లినట్టు వచ్చింది. ఎన్ని పిల్లలు వదిలినా బరువు ఒకటే అన్నట్టుంది. పిల్లలు ఒత్తుగా ఉంటే పెరుగుదల తగ్గుతుందని గట్టు మీద నాలుగు రోజులు కాపలా ఉన్నవాడికైనా తెలుసు, మరి పటంలో ఎందుకు కనపడదు? నీళ్లను బట్టి రంగు వేసేసరికి తేలిపోయింది. ఏటి నీళ్ల గుంటల్లో పిల్లలూ ఎక్కువ వదిలారు, బరువూ ఎక్కువే. బోరు గుంటల్లో రెండూ తక్కువ. ఏ రంగుకు ఆ రంగు చూసుకుంటే మాత్రం కుడికి పోయేకొద్దీ చుక్కలు దిగుతున్నాయి.

కానీ ఆ పటంతోనే పెద్ద తప్పు చేశాను. ప్లాట్ ఫంక్షన్‌లో రంగు చెప్పే 'కోల్' దగ్గర నీటి కాలమ్ పేరు ఇస్తే 'ఇన్‌వాలిడ్ కలర్ నేమ్' అని ఎర్రర్ వచ్చింది. పాత నోట్స్‌లో అదే లైను పనిచేసినట్టుంది, నాకెందుకు రాలేదో తెలియలేదు. ఆ కాలమ్‌ని ఫాక్టర్‌గా, అంటే గ్రూపుల కాలమ్‌గా మారిస్తే రంగులు వచ్చాయి. లెజెండ్, అంటే ఏ రంగు ఏ గ్రూపో చెప్పే పట్టీ, నేనే రాశాను, నా నోట్‌బుక్‌లో ఉన్న వరసలో: బోరు, ఏరు, రెండూ. ఆర్ మాత్రం లోపల అక్షర క్రమంలో ఏరు, బోరు, రెండూ అని పెట్టుకుంది. పేర్లు తారుమారైపోయాయి. అది ఫోన్‌లో ఇద్దరు రైతులకు చూపించి, బోరు గుంటలే బాగా పెరిగాయని చెప్పాను. ఒకాయన కొత్త బోరు వేయించాలని మనిషిని కూడా పిలిపించుకున్నాడు. రెండు రోజుల తర్వాత నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కో చుక్కా సరిచూస్తుంటే బయటపడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఆయన ఇంటికి పోయి తప్పు నాదేనని చెప్పొచ్చాను.

ఇప్పుడు ఆర్‌లోనే పటాలు వేసే జీజీప్లాట్ ప్యాకేజీకి మారాను, లెజెండ్ అదే వేసుకుంటుంది. వచ్చే వారం ముప్పై మంది రైతులకు ప్రింట్ తీసి ఇవ్వాలి. ఒకే పటంలో మూడు రంగులు పెడితే చాలా? గ్రూపుకొక పటం వేయమంటారా?

ఒంగోలు లెక్కల మేడం

తమ్ముడూ, ముందు ఆ ఎర్రర్ సంగతి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.0 కంటే ముందు, ఫైలు చదివేటప్పుడే అక్షరాల కాలమ్‌ని ఆర్ తనంతట తానే ఫాక్టర్ చేసేది. ఫాక్టర్ అంటే లోపల 1, 2, 3 అంకెలే. ఆ అంకెలను రంగుల జాబితాలో వరస సంఖ్యలుగా తీసుకుని 1కి నలుపు, 2కి ఎరుపు, 3కి ఆకుపచ్చ వేసేది. 4.0 నుంచి అక్షరాలను అక్షరాలుగానే ఉంచుతోంది. కాబట్టి 'బోరు' అనే పేరున్న రంగు కోసం వెతికి, లేదని చెప్పింది. అందుకే పాత నోట్స్‌లోని లైను ఇప్పుడు పనిచేయదు. మీరు తప్పు తెలిసిన మర్నాడే వెళ్లి చెప్పారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

ఇక మీ ప్రశ్న. ఒకే పటం, మూడు రంగులు. నాకు ఇందులో సందేహం లేదు. మీకు దొరికిన విషయమే గ్రూపులను పక్కపక్కన చూస్తే వచ్చింది. అందరినీ కలిపితే ఒక ధోరణి, విడదీస్తే ఇంకొకటి. దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. 2025లో వచ్చిన ఆర్ 4.5తో పాటే అంటార్కిటికా పెంగ్విన్ల డేటా వస్తుంది. అందులో 344 పక్షులు, మూడు జాతులు. ముక్కు పొడవు పెరిగేకొద్దీ ముక్కు మందం తగ్గుతున్నట్టు ఉంటుంది. జాతిని బట్టి రంగు వేయగానే మూడు గుంపులూ పైకి లేస్తాయి. మా పిల్లలకు మొదటి క్లాసులో అదే చూపిస్తాను, గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. మూడు పటాలుగా కోసేస్తే ఆ నిమిషం పోతుంది.

కందుకూరు పైథాన్

మేడం, క్లాసులో ప్రొజెక్టర్ మీద మీరు పక్కనే నిలబడి వివరిస్తారు. ఇక్కడ ప్రింట్ కాగితం ఇంటికి పోతుంది, చదివేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. 64 చుక్కలు, మూడు రంగులు, మధ్యలో అన్నీ ఒకదాని మీద ఒకటి. చివర గీసిన గ్రూపు పైకొచ్చి కింది వాటిని కప్పేస్తుంది. కింద ఎన్ని ఉన్నాయో తెలియదు.

1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు, మనిషి కన్ను దేన్ని కచ్చితంగా చదువుతుందో పరీక్షించి రాశారు. ఒకే స్కేలు మీద ఉన్న స్థానాన్ని బాగా చదువుతాం, రంగు జాబితాలో అడుగున ఉంది. అందుకే నేను గ్రూపుకొక గడి చొప్పున పక్కపక్కన మూడు గళ్లు వేయమంటాను, మూడింటికీ స్కేలు ఒకటే. నేను పైథాన్‌లో పటాలు వేసే సీబోర్న్‌లో రోజూ ఇదే పని చేస్తాను, రంగుకిచ్చే 'హ్యూ' బదులు గళ్లుగా విడదీసే 'కోల్' అని ఇస్తాను, అంతే తేడా.

ఒక్క జాగ్రత్త. గడికొక స్కేలు పెట్టుకునే వీలు ఆర్‌లోనూ ఉంది, పైథాన్‌లోనూ ఉంది. అందంగా నిండుతుందని చాలామంది అదే పెడతారు. అప్పుడు బోరు గుంటలు కూడా ఏటి గుంటల ఎత్తులోనే ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ పని మాత్రం చేయొద్దు.

పొదిలి

నేను ఈ రెండు పక్షాల మధ్యకీ రాను, నా సంగతి చెబుతాను. నాకు పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. చిన్నప్పుడు టమాటా తోటలో పండు కోయమంటే వేలితో నొక్కి చూసి కోసేవాణ్ణి, మెత్తగా ఉంటే పండు. మా నాన్నకు అర్థమయ్యేదాకా చాలా తిట్లు తిన్నాను.

జీజీప్లాట్ తనంతట తాను మూడు గ్రూపులకు వేసే రంగులు గులాబీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అందులో మొదటి రెండూ నాకు దాదాపు ఒకటే. మీ పటంలో ఏరు, బోరు అక్షర క్రమంలో మొదటి రెండు కదా, అంటే మీరు చూపించాలనుకున్న తేడా నాకు కనపడదు. యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఈ ఇబ్బంది ఉందని పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర కొంత తక్కువే అనుకున్నా, ముప్పై మంది మగవాళ్ల మీటింగ్‌లో ఒకరైనా ఉండే అవకాశం ఉంది. ఆయన లేచి నాకు కనపడలేదని చెప్పడు. నేనూ ఎన్నో మీటింగుల్లో చెప్పలేదు, తలాడించి వచ్చేశాను.

రంగు వేయండి, దాంతోపాటు ఆకారం కూడా మార్చండి. గుండ్రం, త్రికోణం, చతురస్రం. ఇంతే నేను అడిగేది.

నెల్లూరు ట్రంకు రోడ్డు డీటీపీ

ప్రింట్ అంటున్నారు కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి. ముప్పై కలర్ ప్రింట్లు ఎవరూ తీయరు. ఒకటి కలర్ తీసి మిగతావి జిరాక్స్ కొట్టిస్తారు, రోజూ చూస్తున్నాను. జీజీప్లాట్ రంగుల్లో ఒక చిక్కుంది. అవన్నీ ఒకే వెలుగు స్థాయిలో ఉండేలా ఎంచారు, ఏ గ్రూపూ ఎక్కువ కొట్టొచ్చినట్టు ఉండకూడదని. తెర మీద అది మంచి పద్ధతే. జిరాక్స్ మెషిన్‌లోకి పోగానే మూడూ ఒకే బూడిద రంగు. నిన్ననే ఎవరిదో ప్రాజెక్టు రిపోర్టు అట్టా వస్తే, నేనే ఫోన్ చేసి ఆపించాను.

రంగులు గుడ్డిగా ఎంచొద్దు. ఒకాబే, ఇతో అనే జపాన్ శాస్త్రవేత్తలు పొదిలి అన్న లాంటి వాళ్లకు కూడా తేడా తెలిసే రంగుల వరస తయారు చేశారు, ఆర్ 4.0 నుంచి అది లోపలే ఉంది. అందులోనూ నారింజ, లేత నీలం జిరాక్స్‌లో దగ్గరదగ్గరగా పడతాయి. నలుపు, ముదురు నీలం, నారింజ తీసుకోండి. ఒకటి చీకటి, ఒకటి మధ్య, ఒకటి లేత. జిరాక్స్‌లో కూడా నిలబడతాయి.

గుంటల పేర్లు తెలుగులో రాసేట్టయితే ఆర్‌లోని రాగ్ ప్యాకేజీతో పీఎన్‌జీ బొమ్మగా దాచండి. మామూలు పీడీఎఫ్‌లో మన అక్షరాలు సరిగా రావు.

ఒంగోలు లెక్కల మేడం

పొదిలి గారూ, ఇన్నేళ్లు పాఠం చెప్పి ఈ కోణంలో ఎప్పుడూ పిల్లలను అడగలేదు. రేపే అడుగుతాను. ఆకారం కలపాలన్నది ఒప్పుకుంటున్నాను.

మూడు గళ్లు మాత్రం ఒప్పుకోను. రైతుకు కావాల్సింది ఏటికీ బోరుకీ మధ్య ఎంత తేడా ఉందన్నది. ఆ తేడా రెండు గుంపుల మధ్య ఉన్న ఖాళీ. గళ్లు వేస్తే కన్ను ఒక గడి నుంచి ఇంకో గడికి ఎత్తును మోసుకుపోవాలి. కందుకూరు తమ్ముడు చెప్పిన 1984 పరీక్షే నా వైపు కూడా మాట్లాడుతుంది.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. రంగు వేయగానే కారణం దొరికినట్టు కాదు. ఏటి పక్కన గుంటలున్న వాళ్లకు ఏరియేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, ఎక్కువ ఉండొచ్చు, మేత బాగా పెట్టగలిగి ఉండొచ్చు. నీటికి రంగు వేశాం కాబట్టి నీరు కనిపించింది. ఏరియేటర్లకు వేస్తే ఇంకో కథ కనిపించొచ్చు. ఆ కాలమ్ మీ నోట్‌బుక్‌లో ఉందా?

విడవలూరు గుంటలు

ఉంది మేడం, గుంటకు ఎన్ని హెచ్‌పీ అని రాసుకున్నాను. మీరు చెప్పాక వేసి చూశాను. అంకె కాబట్టి జీజీప్లాట్ విడి రంగులు కాకుండా ముదురు నీలం నుంచి లేత నీలం దాకా ఒకే వరస వేసింది. ఏటి గుంటల్లో చాలావరకు ఎక్కువ హెచ్‌పీవే. అంటే బోరు వద్దు, ఏరే మంచిదని కూడా నేను చెప్పకూడదు. రెండోసారి తప్పు చెప్పబోయేవాణ్ణి. చాలా థాంక్స్.

కందుకూరు పైథాన్

అయితే మధ్యే మార్గం ఒకటుంది. మూడు గళ్లు వేయండి, ప్రతి గడిలోనూ మొత్తం 64 చుక్కలు లేత బూడిద రంగులో వెనకాల పెట్టండి, ఆ గడికి చెందిన గ్రూపు మాత్రం దాని రంగులో, దాని ఆకారంలో పైన. జీజీప్లాట్‌లో అయితే వెనకాల పొరకు నీటి కాలమ్ తీసేసిన డేటా ఇస్తే చాలు, అన్ని గళ్లలోనూ అదే పడుతుంది. మేడం అడిగిన ఖాళీ ఏ గడిలో చూసినా కనిపిస్తుంది, ఒకదాన్నొకటి కప్పుకోవడం ఉండదు.

రంగును వరసతో కాకుండా పేరుతో కట్టేయండి: ఏరుకు నీలం, బోరుకు నారింజ, 'రెండూ' గ్రూపుకు నలుపు అని, జీజీప్లాట్‌లో రంగులు మనమే ఇచ్చే స్కేల్ మాన్యువల్‌లో పేర్లు రాసి. వచ్చే పంటలో 'రెండూ' గుంట ఒక్కటీ లేకపోయినా, ఏరు నీలంగానే ఉంటుంది. రైతు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూస్తాడు. రంగులు మారిపోతే ఆయన మళ్లీ మోసపోతాడు.

ఒంగోలు లెక్కల మేడం

పేరుతో కట్టేయడం నూటికి నూరు పాళ్లు సరైన మాట. బూడిద చుక్కల పటం బాగుంది, కానీ బూడిదలో ఏది ఏరో ఏది బోరో తెలియదు కదా. నా ఓటు ఇంకా ఒకే పటానికే.

విడవలూరు గుంటలు

మీటింగ్ అయింది, ఏం జరిగిందో చెబుతాను. ఇద్దరి మాటా పెట్టాను, కాగితానికి ఒక వైపు ఒకే పటం, వెనక వైపు మూడు గళ్లు. నీలం గుండ్రం, నారింజ త్రికోణం, నలుపు చతురస్రం. గ్రాముల పక్కన కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్నది కూడా రాశాను, 20 గ్రాముల దగ్గర 50 కౌంట్, 25 దగ్గర 40 అని. మన వాళ్లు రేటు మాట్లాడుకునేది కౌంట్‌లోనే కదా. ఏరియేటర్ల మాట విడిగా చెప్పాను.

చాలామంది మొదటి వైపే చూశారు. కొందరు తిప్పారు. బోరు వేయించబోయిన పెద్దాయన ముందు వరసలో కూర్చుని కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, వేలు ఒక్కో త్రికోణం మీద ఆపుతూ పోయాడు. రంగు గురించి అడగలేదు. "ఇందులో నా గుంట ఏది అబ్బయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ల్యాప్‌టాప్ తెరిచి వెతికి పెన్నుతో సున్నా చుట్టాను. అప్పుడు పక్కాయన తనదీ చుట్టమన్నాడు. అరగంట అదే పని, ఇరవై ఆరు కాగితాల మీద చుట్టాను. ఎవరి సున్నా పక్కన ఎవరి సున్నా ఉందో వాళ్లే చూసుకుని, నువ్వెంత మేత పెట్టావు, ఎన్ని ఏరియేటర్లు తిప్పావు అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఈసారి చుక్క పక్కనే గుంట నంబరు ముద్రించి తీసుకుపోవాలి. 64 నంబర్లూ పెడితే ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. దీనికేమైనా ఉపాయం ఉందా?

కందుకూరు పైథాన్

జీజీరిపెల్ అని ప్యాకేజీ ఉంది, నంబర్లను పక్కకు జరిపి సన్న గీతతో చుక్కకు కలుపుతుంది. మధ్యలో ఇరుగ్గా ఉంటే కొన్ని నంబర్లు వదిలేసి వార్నింగ్ ఇస్తుంది, మ్యాక్స్ ఓవర్‌ల్యాప్స్ దగ్గర ఇన్ఫినిటీ పెట్టండి. ఏ రైతు నంబరూ పోకూడదు.

పొదిలి

నంబర్లు నల్ల సిరాలో వేయండి, గ్రూపు రంగులో వద్దు. లేత నారింజలో అంత చిన్న అంకె జిరాక్స్ తీశాక ఎవరికీ కనపడదు.