తాజా ఆకుల కొలత: కప్పులను గ్రాముల్లోకి మార్చడం ఎలా?

ప్రశ్న

నా దగ్గరున్న వంట విధానాల్లో కొన్నింటిలో తాజా ఆకులను కప్పుల్లోనూ, మరికొన్నింటిలో గ్రాముల్లోనూ ఇచ్చారు. ఎక్కువమందికి వండేందుకు వాటన్నింటినీ గ్రాముల్లోకి మార్చి రాసుకోవాలనుకుంటున్నాను. పంచదారకు ఒక పట్టికకూ మరో పట్టికకూ పెద్దగా తేడా ఉండదు కానీ, కొత్తిమీర, పార్స్లీ, బేసిల్ వంటివాటికి మాత్రం ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తోంది. వీటిలో దేన్ని నమ్మాలి? కాడల బరువును కలుపుకోవాలా, తీసివేయాలా?

మొదటి సమాధానం

ఆ అంకెల్లో చాలావరకు తప్పు కాకపోవచ్చు. అవి ఆకును వేర్వేరు స్థితుల్లో కొలిచి రాసినవి. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికనే చూడండి. అందులో పావు కప్పు బేసిల్ ఆకులు, తరగకుండా, 6 గ్రాములు. అంటే కప్పుకు 24 గ్రాములు. అదే పట్టికలో రెండు టేబుల్ స్పూన్ల తరిగిన బేసిల్ 5.3 గ్రాములు, కప్పుకు 16 టేబుల్ స్పూన్లు కాబట్టి, ఈ లెక్కన కప్పుకు సుమారు 42 గ్రాములు అవుతుంది. ఆకు ఒకటే అయినా, తరిగేసరికి మధ్యలో ఉండే గాలి తగ్గి, బరువు ఒకటిముప్పావు రెట్లయింది. తరిగిన పార్స్లీకి ఆ పట్టిక కప్పుకు 60 గ్రాములు చెబుతుంది; కొత్తిమీరకు పావు కప్పు 4 గ్రాములే.

కాబట్టి "ఒక కప్పు తరిగిన ఆకు" అని ఉంటే తరిగాక కొలవాలి. "ఒక కప్పు ఆకు, సన్నగా తరగాలి" అని ఉంటే కొలిచాక తరగాలి. అదిమి నింపమన్నారా, వదులుగా నింపమన్నారా అన్నది కూడా ఇంతే ముఖ్యం. మీ కప్పుతో, మీరు తరిగే తీరులో ఒక్కసారి నింపి, కాటా మీద తూచి, వచ్చిన బరువును ఆ వంట విధానం పక్కనే రాసుకోండి. నా దృష్టిలో ఏ పట్టికకన్నా ఆ అంకే మీకు ఎక్కువ నమ్మకమైనది.

రెండో సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూ, కాడల గురించి చెబుతాను. "ఆకులు" అని మాత్రమే రాసి ఉంటే, కోసుకున్నాక మిగిలిన ఆకునే తూచాలి. కట్టలో కాడల వాటా మొక్కనుబట్టి, దాని ముదురునుబట్టి మారుతుంది కనుక, ఇంత శాతం తీసివేయాలని ముందే నిర్ణయించుకోవడం సరికాదు. కడిగిన ఆకును పూర్తిగా ఆరనిచ్చాకే తూచండి. కొద్దిపాటి ఆకు తూచేటప్పుడు, అంటుకున్న నీరే చెప్పుకోదగిన బరువవుతుంది.

అయితే అన్నింటినీ మార్చే శ్రమ అక్కరలేదు. ఆకే ప్రధానంగా ఉండే పచ్చడికో, సాస్‌కో గ్రాములు తప్పనిసరి. చివర్లో పైన చల్లే ఆకుకు చెంచా కొలతే చాలు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. తాజా ఆకు బదులు ఎండుది వాడాల్సివస్తే?

మొదటి సమాధానం రాసినవారు

మూడు చెంచాల తాజా ఆకుకు ఒక చెంచా ఎండు ఆకు అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇది చెంచాల నిష్పత్తే కనుక, గ్రాములకు దీన్ని నేరుగా వర్తింపజేయకండి. కొత్తిమీర, పార్స్లీ ఎండితే వాసన బాగా తగ్గిపోతుంది కాబట్టి, వాటికి ఈ లెక్కను నేను వాడను. మరో విషయం: వంట విధానం ఆస్ట్రేలియాదైతే అక్కడి టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు, చాలా ఇతర చోట్ల 15, మార్చేముందు అది ఎక్కడిదో చూసుకోండి.