పిల్లలున్న ఇంట్లో రెండు సీట్ల కారు: ఉంచాలా, అమ్మేయాలా?

నెమలికన్ను (డాలస్):
విషయం చిన్నదే, కానీ ఇంట్లో నెల రోజులుగా నలుగుతోంది. నా దగ్గర 1992 మాజ్డా మియాటా ఉంది. ఎర్ర రంగు, అయిదు గేర్ల మాన్యువల్, స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. నాలుగేళ్ళ కింద కొన్నప్పుడు పాప ఒక్కతే. ఇప్పుడు బాబు కూడా వచ్చాడు. గరాజ్‌లో సగం దీనికే పోయింది, మా ఆవిడ మినీవ్యాన్ బయట వడగళ్ళకి నిలబడుతోంది. డాలస్ వడగళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. "అమ్మమని నేను అనను, ఎప్పుడు అమ్ముతావో నువ్వే చెప్పు" అంది.

శనివారం పొద్దున ఆరింటికి, ఎండ ముదరకముందే బయటికి తీస్తాను. దీని పైకప్పు మడిచే గుడ్డ టాప్. అది దించే ముందు వెనక ప్లాస్టిక్ అద్దం జిప్పు తీయాలి, లేకపోతే మడత పడిన చోట అద్దం చిట్లుతుంది. ఆ జిప్పు లాగే పని మా పాపది. లాగేసి డ్రైవ్‌వేలో నిలబడి చెయ్యి ఊపుతుంది. నేను రెండో గేరులో మలుపు తిరుగుతా. ఆ నలభై నిమిషాలు ఫోన్ లేదు, మీటింగ్ లేదు, టెన్షన్ లేదు. ఇది అమ్ముకోవాలా? మీరే చెప్పండి.

ఇడ్లీపొడి:
అమ్మితే ముందు నాకు చెప్పు అన్నా. ఆస్టిన్ నుంచి బస్సెక్కి వచ్చి నడుపుకుంటూ పోతా.

తెనాలి స్విఫ్ట్:
చదివాక నవ్వొచ్చింది. 116 హార్స్‌పవర్‌కి స్పోర్ట్స్ కారని పేరు! మీ దగ్గర వీ6 కామ్రీకే 301 ఉండేది. కూరగాయలకి వెళ్ళే ఆంటీ సిగ్నల్ దగ్గర నిన్ను దాటేసి పోతుంది. సరే, అది వదిలేద్దాం. వెనక సీటు ఏది? వెనక సీటు లేనిదాన్ని నేను కారు అనను. బైకుకి తలుపులు బిగించినట్టుంది.

నెమలికన్ను:
బ్రదర్, ఆ 116 గుర్రాలు లాగేది టన్ను కూడా లేని బండిని. ఇంజన్ ముందు ఇరుసుకి వెనగ్గా కూర్చుంటుంది, బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగం, ఇంజన్ తిప్పేది వెనక చక్రాలని. 301 హార్స్‌పవర్‌ని ఈ ఊళ్ళో ఎక్కడ వాడతారు? టోల్‌వే మీద కాలు ఆనిస్తే చాలు, టికెట్టు చేతికొస్తుంది. ఇందులో రెండో గేరు చివరిదాకా లాగినా అరవై మైళ్ళు దాటదు. గేరు రాడ్‌ని మూడు వేళ్ళతో పట్టుకుని మణికట్టు తిప్పితే టక్కున కూర్చుంటుంది. 1989లో చికాగో ఆటో షోలో దీన్ని చూపించినప్పటి నుంచీ మాజ్డావాళ్ళు చెప్పేది ఒకటే మాట, జిన్బా ఇత్తై. గుర్రం, రౌతు ఒక్కటవడం. 2016లో పది లక్షలో కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. కొన్నవాళ్ళందరూ వెర్రివాళ్ళా?

తెనాలి స్విఫ్ట్:
రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరిగెడుతుందట. జపానువాళ్ళ మాట తర్వాత, మన సామెత ఇది. పది లక్షల మంది కొన్నారు సరే, వాళ్ళల్లో ఎంతమందికి ఇంట్లో ఇంకో కారు ఉంది? అందరికీ ఉండే ఉంటుంది. అంటే ఇది కారు కాదు, బొమ్మ. అడిగినదానికి జవాబు రాలేదు. వెనక సీటు?

గచ్చిబౌలి గేరు:
మధ్యలో దూరుతున్నా. మీరైనా దీని గురించి కొట్టుకోగలుగుతున్నారు, ఇక్కడ మాకు ఆ భాగ్యం లేదు. మనకి మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా వ్యానే, అందులోనే స్కూలుకి వెళ్ళాం. పాత కారు దిగుమతి చేసుకోవాలంటే మూడేళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఒకవేళ వచ్చినా మా కాలనీ స్పీడ్‌బ్రేకర్‌ని ఐమూలగా ఎక్కించాలి. మిగిలింది హైదరాబాద్ చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్ఆర్. 158 కిలోమీటర్లు, 120 లిమిట్. మలుపు కావాలంటే ఎగ్జిట్ తీసుకోవాల్సిందే.

స్వాతిచినుకు (అట్లాంటా):
నాది 2019 మియాటా, 181 హార్స్‌పవర్. నాది అని గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే ఈ చర్చలన్నీ "మా ఆవిడ ఒప్పుకోవట్లేదు" దగ్గరే మొదలవుతాయి. సర్వీసుకి తీసుకెళ్తే అక్కడి మనిషి నన్ను వదిలేసి మా ఆయనతో మాట్లాడతాడు. మా ఆయనకి క్లచ్ ఏ కాలి కింద ఉంటుందో కూడా తెలియదు. బిల్లు మాత్రం నా చేతికిస్తాడు.

తెనాలి గారూ, ఇక్కడి నుంచి మూడు గంటలు వెళ్తే టెనెస్సీ, నార్త్ కరోలినా సరిహద్దులో యూఎస్ 129 మీద ఒక దారి ఉంది. 11 మైళ్ళలో 318 మలుపులు. స్పీడ్ లిమిట్ 30 మైళ్ళే. ఆ 30లోనే అరచేతులు చెమట పడతాయి. ఒక్కో మలుపులో మెడ ఇటు, నడుము అటు. మీ కామ్రీ ఆంటీని ఒకసారి అక్కడికి తీసుకురండి.

తెనాలి స్విఫ్ట్:
ఆవిడ రాదమ్మా. ఆవిడ వెనక సీట్లో మనుషులుంటారు.

ఇడ్లీపొడి:
😂 పాయింటే

నెమలికన్ను:
తెనాలి గారూ, నేను అడిగింది ఉంచాలా అమ్మాలా అని. మీరు మూడు పోస్టుల నుంచి ఒక్క సీటు పట్టుకుని వేలాడుతున్నారు. మాకు మినీవ్యాన్ ఉంది. ఏడు సీట్లు. కుటుంబం అందులో తిరుగుతుంది, గుడికీ కాస్ట్‌కోకీ అదే. ఇది వారానికి నలభై నిమిషాలు.

తెనాలి స్విఫ్ట్:
నేను పట్టుకున్నది సీటు కాదు, నువ్వు రాసిన వాక్యం. పిల్ల జిప్పు లాగుతుంది, తర్వాత డ్రైవ్‌వేలో నిలబడి చెయ్యి ఊపుతుంది. నువ్వు వెళ్ళిపోతావు. చాలా ముద్దుగా రాశావు. నాకు మాత్రం ఆ నిలబడిపోయిన పిల్లే కనబడింది.

నెమలికన్ను:
నా పిల్ల జోలికి రావద్దు. 1992 కారులో ఆ పక్క సీటుకి ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు, అందుకే ఎక్కించను. బాధ్యత లేక కాదు, ఉండే. పన్నెండేళ్ళు ఈ దేశంలో గడ్డి తిని దాచుకుని కొనుక్కున్న ఒక్క వస్తువు అది. అక్కల పెళ్ళిళ్ళు చేశాను, ఊళ్ళో ఇంటికి స్లాబ్ వేయించాను. అయినా ఒక ఎర్ర కారు కనబడేసరికి మనవాళ్ళకి కళ్ళు మండుతాయి. అందని ద్రాక్ష పుల్లన అంటారు చూడండి, మీ పోస్టులన్నిట్లో అదే వాసన.

గచ్చిబౌలి గేరు:
అయ్యో. ఇది అనకుండా ఉండాల్సింది అన్నా.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగండి. వ్యక్తిగతంగా వెళ్తే చర్చ మూసేస్తాను.

తెనాలి స్విఫ్ట్:
మూసే ముందు ఇది ఒక్కటి రాయనివ్వండి.

ద్రాక్ష అన్నావు కాబట్టి చెప్తున్నా. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. రెండేళ్ళ కింద రెండు సీట్ల బీఎండబ్ల్యూ కొన్నాడు, నీలం రంగు. ప్రతి ఆదివారం ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడతాడు. నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్. తెనాలి నుంచి గుంటూరు పాతిక కిలోమీటర్లు, పొద్దున నాలుగున్నరకి బయలుదేరతాం. వెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చుని లారీల నంబర్లు చదువుతాడు. వచ్చేటప్పుడు ఓపిక ఉండదు. వెనక సీట్లో పడుకోబెడతాను, అమ్మ ఒళ్ళో తల, మోకాళ్ళు మడిచి. అమ్మ చేతిలో ఎప్పుడూ ఒక క్యారీ బ్యాగ్ ఉంటుంది, వాంతి వస్తే పట్టడానికి. ఆ సీటు కవరు ఇప్పటికి మూడుసార్లు మార్చాను.

డబ్బు మాట కాదు. అన్నయ్య అడక్కుండానే పంపుతాడు, ఒక్కనాడు లెక్క అడగలేదు. మనిషి రాడు. వీసా స్టాంపింగ్‌కి డేట్లు లేవు, వస్తే ఇరుక్కుపోతా అంటాడు. నిజమే అయి ఉండొచ్చు. మొన్న నాన్న ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "దీనికి వెనక సీటేదిరా" అని అడిగాడు. ఊరికే అడిగాడు, ఎగతాళిగా కూడా కాదు. నాకే అది పోవట్లేదు.

(దీని తర్వాత దాదాపు ఒక రోజంతా ఎవరూ ఏమీ రాయలేదు.)

నెమలికన్ను:
ద్రాక్ష మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పుగా అన్నాను.

అలాగని మీరన్నదంతా ఒప్పుకోను. మా అమ్మానాన్నలు నంద్యాలలో ఉంటారు. నేనూ మూడేళ్ళుగా వెళ్ళలేదు, అదే స్టాంపింగ్. కారు అమ్మేస్తే స్టాంపు పడుతుందంటే రేపే అమ్మేస్తా. మీ అన్నయ్య ఆ ఫొటోలు ఎందుకు పెడతారో నాకు తెలుసు. ఇక్కడి నుంచి పెట్టడానికి ఇంకేం ఉంటుంది? క్యూబికల్ ఫొటో పెడతామా? బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకండి అని చెప్పుకోవడం అది.

తెనాలి స్విఫ్ట్:
అది నువ్వు చెప్తే నాకేం లాభం? వాడు చెప్పాలి. నువ్వు వాడి తరఫున వకాల్తా పుచ్చుకోకు.

నెమలికన్ను:
సరే, ఒకటి అడుగుతాను. ఆయన కారు అమ్మేసి అక్కడే ఉంటే మీ కోపం తగ్గుతుందా? కారు ఉంచుకుని ఒక నెల వచ్చి ఉంటే?

తెనాలి స్విఫ్ట్:
నెల ఎందుకు. ఒక వారం. మూడు డయాలసిస్‌లు. స్విఫ్ట్ తాళం ఇచ్చేస్తాను, నాలుగున్నరకి లేచి నడపమను. నేను పడుకుంటాను.

స్వాతిచినుకు:
ఈ ముక్క మీ గ్రూపులో పెట్టండి తెనాలి గారూ, ఇక్కడ కాదు. ఫొటో కింద పెట్టండి.

తెనాలి స్విఫ్ట్:
చూద్దాం. నాన్న కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు.

ఇడ్లీపొడి:
ఇంతకీ కారు అమ్ముతున్నావా లేదా అన్నా? బస్సు టికెట్ రేటు పెరుగుతోంది.

నెమలికన్ను:
అమ్మట్లేదు. నిన్న రాత్రి గరాజ్ మార్చేశాం. మినీవ్యాన్ లోపలికి, మియాటా బయటికి, దళసరి కవరు కింద. మా ఆవిడ ఏమీ అనలేదు, కవరు రెండో వైపు పట్టుకుంది. బయట ఉంటుంది కాబట్టి ముందు డ్రెయిన్ రంధ్రాల పని చూడాలి. సీట్ల వెనక, టాప్ మడత దగ్గర ఇటొకటి అటొకటి ఉంటాయి. ఆకులతో మూసుకుపోతే వాన నీళ్ళు తలుపు కింద రేకులోకి దిగి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. బయటికి కనిపించేసరికే పని అయిపోతుంది.

తెనాలి స్విఫ్ట్:
వాటిని దేనితో శుభ్రం చేస్తావు? నా స్విఫ్ట్‌లో కూడా అద్దం కింద ఆకులు ఇరుక్కుని వాన పడితే కాళ్ళ దగ్గర తడుస్తోంది. సైకిల్ బ్రేకు తీగ పెట్టి పొడుద్దామనుకుంటున్నా.

స్వాతిచినుకు:
తీగ వద్దు. లోపలిది రబ్బరు గొట్టం, చిరిగిపోతుంది. గడ్డి కోసే మెషిన్‌లో వాడే నైలాన్ దారం పెట్టండి.

తెనాలి స్విఫ్ట్:
అది ఇక్కడ ఎక్కడ వెతకను. బట్టలారేసే నైలాన్ తాడు పనికొస్తుందా?

నెమలికన్ను:
సన్నదైతే వస్తుంది. కోసిన చివరని అగ్గిపుల్లతో కాల్చి గుండ్రంగా చెయ్యండి, గొట్టానికి గుచ్చుకోదు. మెల్లగా తిప్పుతూ దూర్చండి, నెట్టొద్దు.