43 ఏళ్లకి వంట కోర్సులో చేరితే చేతులు మాట వింటాయా?

లెడ్జర్ రాసిన చెయ్యి:

నమస్కారమండీ. పదిహేడేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. ఏడాది వంట కోర్సుకి దరఖాస్తు పెడితే సీటొచ్చింది. పది రోజుల్లో చేరతానో లేదో చెప్పాలి.

ఇంట్లో కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు. మా అత్తగారు మాత్రం "ఏ వయసుకా ముచ్చట" అని ఊరుకున్నారు. నా వంట బాగుంటుందని అందరూ అంటారు. ఆ ధైర్యంతోనే దరఖాస్తు పెట్టాను. చేరేముందు ఒక పూట క్లాసులో కూర్చోనిస్తామంటే వెళ్లాను, ఉన్న ధైర్యం అక్కడే పోయింది.

క్యారెట్‌ని 3 మిల్లీమీటర్ల ఘనాలుగా తరగమన్నారు. దాన్ని బ్రూన్వాజ్ అంటారట. ఇరవై ఏళ్లుగా రోజూ కూరగాయలు తరుగుతున్నదాన్ని, అరగంటకి పిడికెడు ముక్కలయ్యాయి. పక్కన నిలబడ్డ పిల్లాడికి ఇరవై కూడా ఉండవు, వాడి గిన్నె నిండిపోయింది. "ఆంటీ, కత్తి అలా కాదు" అని నా చెయ్యి సర్దాడు కూడా. గుడ్డొచ్చి పిల్లనెక్కిరించినట్టయింది. టీచరుగారు వచ్చి నా ముక్కల మీద స్కేలు పెట్టి చూసి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

నా అనుమానాలు రెండు. ఈ వయసులో చేతులు కొత్త పని పడతాయా? రోజంతా నిలబడితే నడుము ఊరుకుంటుందా? ఇలా ఆలస్యంగా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. "మనసుంటే మార్గముంటుంది" లాంటివి వద్దు, అవి మా ఆయన దగ్గర బోలెడున్నాయి.

రెండో బర్నర్:

నేను 39లో చేరానండీ. ఇప్పుడు కిచెన్‌లో ఆరో ఏడు.

నడుము సంగతి ముందు చెప్తాను. నడుము కన్నా ముందు పాదాలు ఏడుస్తాయి. మొదటి రెండు నెలలు ఇంటికొచ్చి బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. జారని అడుగున్న బూట్లు మంచివి కొనుక్కోండి, అక్కడ పిసినారితనం వద్దు. తరిగే బల్ల మీకు పొట్టిదైతే కింద తడిగుడ్డ పరిచి ఇంకో బోర్డు వేసుకోండి. నడుము సగం బాగుపడుతుంది. ఈ చిన్న ముక్క నాకు చెప్పినవాళ్లు లేరు.

కత్తి విషయంలో ఆ పిల్లాడు చెప్పిందే నిజం. మనం ఇంట్లో పిడిని గుప్పిట పట్టుకుంటాం. అక్కడ బొటనవేలు, చూపుడువేలితో పిడి ముందున్న రేకుని నొక్కిపట్టాలి. రెండో చేతి వేళ్ల కొనలు లోపలికి మడిచి, కత్తి ఆ కణుపులకి ఆనుకుని నడవాలి. నాకు మూడు వారాలు పట్టింది. కత్తి పదును మాత్రం తగ్గనివ్వకండి. మొద్దు కత్తిని బలంగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారి వేలు తెగుతుంది.

అయితే చేతుల కన్నా మొండివి మన అలవాట్లు. ఒకరోజు 20 లీటర్ల స్టాక్ (ఎముకలో కూరగాయలో మరిగించి తీసే రసం) కాచాను. రుచి, రంగు రెండూ కుదిరాయి. ఇంట్లో చేసినట్టే మూతపెట్టి బల్లమీద వదిలేసి భోజనానికి పోయాను. నాలుగు గంటల తర్వాత మా షెఫ్ థర్మామీటర్ ముంచితే ఇంకా 48 డిగ్రీలుంది. మొత్తం సింకులో పోయించారు. 57 నుంచి 21 డిగ్రీలకి రెండు గంటల్లో దిగాలి, అక్కణ్ణుంచి 5కి దిగడానికి ఇంకో నాలుగు గంటలు, అదీ లెక్క. ఉడికించినా చావని బాక్టీరియా బీజాలు కొన్నుంటాయి, ఆ గోరువెచ్చదనంలోనే అవి మొలిచి పెరిగిపోతాయి. లోతు గిన్నెలో మధ్యనున్న వేడికి బయటికి దారి ఉండదు. లోతులేని ట్రేల్లోకి వంచి ఐసు మీద పెట్టాలి. "ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు" అని నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగడమే నేను నేర్చుకున్న మొదటి పాఠం.

ఉప్పు తక్కువ:

నా కథ వేరు. 41కి చేరి, కోర్సు పూర్తిచేసి, ఎనిమిది నెలలు కిచెన్‌లో ఉండి బయటికొచ్చేశాను. నేర్చుకున్నందుకు బాధ లేదు. కానీ ముందెవరైనా చెప్పుంటే బాగుండేదనిపించేది ఒకటుంది: కోర్సు పగటిపూట జరుగుతుంది, ఉద్యోగం రాత్రిపూట నడుస్తుంది. ఊరంతా తినే వేళకి మీరు పొయ్యి దగ్గరుంటారు. సెలవురోజులే అసలు పనిరోజులు. జీతం ఇరవై ఏళ్ల కుర్రాడితో సమానంగా మొదలవుతుంది, మీ పదిహేడేళ్ల అనుభవం అక్కడ చెల్లదు. ఫీజు కట్టకముందే ఎక్కడైనా ఒక శనివారం రాత్రి ఊరికే పనిచేసి చూడండి. నేను చూడలేదు.

స్కేలు జేబులో:

నేను ఇలాంటి క్లాసులే చెప్తాను (మీరు వెళ్లిన చోట కాదు లెండి). ముందు ఆ స్కేలు సంగతి. ముక్కలు తప్పుంటే మేం నోరు మూసుకోము. ఏమీ అనలేదంటే కొలత సరిపోయిందని. నెమ్మదిగా, సమంగా తరిగేవాళ్లకి వేగం వస్తుంది. వేగంగా, ఎగుడుదిగుడుగా తరిగేవాళ్లని సరిచెయ్యడానికే నాకు ఏడాది పడుతుంది. ఆ పిల్లాడి గిన్నె నిండిందన్నారు గానీ, వాడి ముక్కల మీద స్కేలు పెట్టినప్పుడు ఏమన్నారో చెప్పలేదు మీరు.

వయసంటారా, వంట పుస్తకాలతో, టీవీ వంటలతో పేరు తెచ్చుకున్న అమెరికన్ జూలియా చైల్డ్ 1949లో పారిస్‌లోని ల కోర్డాన్ బ్లూ అనే వంట స్కూల్లో చేరేనాటికి ఆమెకి 37. అంతకుముందు యుద్ధకాలంలో గూఢచారి సంస్థలో ఆఫీసు పని. అమెరికాలోని కలినరీ ఇన్‌స్టిట్యూట్ అనే వంట కాలేజీ అయితే 1946లో మొదలైందే యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఒక పని నేర్పడానికి. కాబట్టి పెద్దవాళ్లు ఈ క్లాసులకి కొత్తేమీ కాదు.

పెద్దవాళ్లతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వడ్డన జోరుమీదున్నప్పుడు "ఎందుకలా?" అని అడుగుతారు. ప్రశ్న మంచిదే, వేళ మంచిది కాదు. నోట్‌బుక్‌లో రాసుకుని సాయంత్రం అడగండి.

ఇంకోటి. మీ లెక్కలు చెల్లవన్నారు పైన, నేనొప్పుకోను. మొదటిరోజు నుంచే జీతంలో కనబడకపోవచ్చు. కానీ కిలో కొంటే ఒలిచాక ఎంత మిగిలింది, ఒక్కో ప్లేటుకి ఎంత పడింది అనేది లెక్కగట్టలేక చేతులెత్తేసే మంచి వంటవాళ్లు చాలామంది. బేకింగ్‌లో పిండి బరువుని వందనుకుని మిగతావన్నీ శాతాల్లో రాస్తాం. ఆ పాఠం రోజు క్లాసు సగం దిక్కులు చూస్తుంది. మీరు చూడరు.

లెడ్జర్ రాసిన చెయ్యి:

అందరికీ థాంక్సండీ. 'ఉప్పు తక్కువ' గారి మాట విని, తెలిసినవాళ్ల ద్వారా మొన్న శనివారం ఒక కిచెన్‌కి వెళ్లాను. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండున్నర దాకా.

పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. 12 కిలోల ఉల్లిపాయలిచ్చి ఒలవమన్నారు. ఏడ్చుకుంటూ ఒలిచాను. అయ్యాక ఎవరూ అడక్కుండానే పొట్టు తూచాను, పాత బుద్ధి ఎక్కడికి పోతుంది! 1 కిలో 340 గ్రాములు. గోడమీదున్న కాగితంలో కిలో కొంటే కిలో వాడినట్టే రాసుంది. అక్కడి షెఫ్‌కి చూపిస్తే కాసేపు చూసి, "రేపొచ్చి మిగతా కాగితాలు కూడా చూస్తారా?" అన్నారు. వంటకి రమ్మంటారనుకుంటే మళ్లీ లెక్కలకే పిలిచారు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎనిమిదిన్నరకి రద్దీ మొదలయ్యాక మాత్రం నన్నెవరూ పట్టించుకోలేదు. గోడకి అతుక్కుని నిలబడి చూశాను. ఒకామె, నా వయసే ఉంటుంది, మూడు పెనాలు ఒకేసారి నడుపుతూ ఒక్కసారి కూడా చెయ్యి తడబడలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కాళ్ల నొప్పులు కొంత, ఆవిడ కొంత.

సోమవారం ఫీజు కట్టేశాను. పిల్లాడి గిన్నె మీద స్కేలు పెట్టినప్పుడు ఏమన్నారంటే, సగం తీసి పారబోయమన్నారు. అది రాయడం మర్చిపోయాను, నిజంగానే.

బూట్లు మామూలు సైజే తీసుకోవాలా, ఒకటి పెద్దవా?

రెండో బర్నర్:

సాయంత్రం పూట వెళ్లి కొనండి, అప్పటికి పాదాలు కాస్త వాచి ఉంటాయి. సాక్సు వేసుకునే వేసి చూడండి.