రీఫండ్ వచ్చిందని మెసేజ్, పన్ను ఎగ్గొట్టారని ఫోన్: మీకూ వచ్చాయా?

గోదారిగట్టు:
మొన్న మా నాన్నగారి ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. "మీకు 15,490 రూపాయల ఆదాయపు పన్ను రీఫండ్ మంజూరైంది. త్వరలో మీ ఖాతాలో జమ అవుతుంది. ఖాతా నంబరు తప్పయితే కింది లింకులో సరిచేసుకోండి" అని దాని సారాంశం. ఆయన రిటైరైన ఉద్యోగి. జులైలో రిటర్ను వేసి రీఫండ్ కోసం చూస్తున్నారు. మెసేజ్‌లో ఉన్న ఖాతా నంబరేమో ఆయనది కాదు. "నా డబ్బు ఇంకెవరికో పోతోందిరా" అని కంగారుగా లింకు నొక్కబోతుంటే అమ్మ ఆపింది. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఇలాంటివి ఎలా వివరిస్తున్నారు?

చిట్టాపద్దు:
రిటర్నులు వేయడమే నా పని. ఈ మెసేజ్ నిజమేనా అని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. 15,490 అంకెతో సహా ఇది పాతదేనండి. 2023లోనే కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ తాలూకు ఫ్యాక్ట్ చెక్ వాళ్లు నకిలీ అని చెప్పారు. ఎర అంతా ఆ తప్పు ఖాతా నంబరులోనే ఉంది. రీఫండ్ వస్తోందంటే నింపాదిగా ఉండే మనిషి, అది పక్కవాడికి పోతోందంటే ఒక్క క్షణం ఆగడు.

నాన్నగారికి ఇలా చెప్పి చూడండి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మనం ముందే వ్యాలిడేట్ చేసుకున్న (మనదేనని ధ్రువీకరించుకున్న) బ్యాంకు ఖాతాకే రీఫండ్ వస్తుంది. దానికి కార్డు నంబరు, పిన్, ఓటీపీ ఎవరికీ అక్కర్లేదు. ఖాతా మార్చాలన్నా మనమే లాగిన్ అయి మార్చుకోవాలి. లింకు అసలుదా నకిలీదా అని పరీక్షించే పనే పెట్టుకోవద్దు. బ్రౌజర్‌లో ఇన్‌కమ్‌టాక్స్.జీఓవీ.ఇన్ అని సొంతంగా టైప్ చేసి లోపలికి వెళ్తే, నిజంగా ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుంది.

కృష్ణవేణి:
మెసేజ్ కన్నా ఫోన్ భయంకరం. మా పిన్నికి ఒకరు ఫోన్ చేసి, ఆమె పాన్ మీద ఎవరో కంపెనీ నడిపి పన్ను ఎగ్గొట్టారని, కేసు నమోదైందని చెప్పారు. పాన్ నంబరు, పుట్టిన తేదీ పొల్లుపోకుండా చదివేసరికి నమ్మేసింది. తర్వాత వీడియో కాల్. అటువైపు యూనిఫాం, వెనక గోడకు జెండా. ఫోన్ పెట్టకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తామన్నారు. పిన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించడానికి బ్యాంకుకు వెళ్లింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి "ఇంత తొందరగా ఎవరికి పంపుతున్నారు పిన్నీ?" అని అడిగి, చేతిలో ఫోన్ ఇంకా కాల్‌లోనే ఉండటం చూసింది. తనే తీసుకుని కట్ చేసిందట. ఆ అమ్మాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

పాన్ వాళ్లకెలా తెలిసిందా అని పిన్ని ఇప్పటికీ బాధపడుతోంది. సిమ్ము, లోను, అద్దె ఇల్లు అంటూ ఎన్నిచోట్ల జిరాక్సులు ఇచ్చామో మనకే గుర్తుండదు. పాన్ నంబరు చెప్పినంత మాత్రాన అవతలివాడు అధికారి అయిపోడు.

నల్లరేగడి:
వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్ట్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు కూడా. "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేసి, పక్కనున్న ఎవరికైనా చెప్పేయాలి. కృష్ణవేణి గారూ, పిన్నిగారిని పన్ను పోర్టల్‌లో ఏఐఎస్, అంటే పాన్ మీద నమోదైన లావాదేవీల వార్షిక పట్టిక, ఒకసారి చూసుకోమనండి. తనకు తెలియని లావాదేవీ ఏదైనా ఆమె పాన్ మీద నమోదై ఉంటే అక్కడ తెలియవచ్చు.

సాయంత్రంబస్సు:
నా అనుమానం వేరు. అన్నీ మోసాలే అనుకుని నిజమైన నోటీసు వదిలేస్తే? మా ఆఫీసులో ఒకాయన అలాగే పక్కన పడేసి, గడువు దాటాక తిప్పలు పడ్డారు.

చిట్టాపద్దు:
మంచి మాట అన్నారు. భయపడి డబ్బు పంపడం ఎంత తప్పో, చూడకుండా చెత్తబుట్టలో వేయడమూ అంతే తప్పు. శాఖ పంపే నోటీసులకు 2019 అక్టోబరు 1 నుంచి డిన్ అనే గుర్తింపు నంబరు తప్పనిసరి చేశారు. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కాకుండా, "ఆథెంటికేట్ నోటీస్" అనే చోట దాన్ని కొట్టి చూసుకోవచ్చు. నిజంగా పన్ను కట్టాల్సి వచ్చినా, పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్‌లోకి వెళ్లి చలానా తీసి కడతాం. ఎవరి యూపీఐ ఐడీకో, ఎవరి సేవింగ్స్ ఖాతాకో కట్టే పన్ను ఉండదు.

మామిడితోట:
డబ్బు పోయాక ఏం చేయాలో కూడా రాసి పెడదాం. మా బావగారికి పోయింది, అందుకే చెబుతున్నా. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎలా నొక్కావు, ఎందుకు నొక్కావు అని ఇంట్లో పంచాయతీ తర్వాత. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పాకుతూ పోతుంది, ఎంత త్వరగా చెబితే అంత ముందుగా ఆపగలుగుతారు. లావాదేవీ నంబరు, తేదీ, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్‌లో పూర్తి ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు బ్యాంకులో ఇవ్వండి. మెసేజ్‌లు చెరిపేయకండి, అవే ఆధారాలు. బావగారికి కొంత మొత్తం ఒక ఖాతాలో ఆగింది, దాన్ని కోర్టు ద్వారా తెచ్చుకుంటున్నాం. ఈలోగా "మీ డబ్బు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఇంకో ముఠా ఫోన్ చేసింది. దానికి మాత్రం సిద్ధంగా ఉండండి.

తులసికోట:
అర్జెంటండీ. మా తమ్ముడు వాట్సాప్‌లో వచ్చిన "పన్ను నోటీసు" ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ చేశాడు. డబ్బు ఇంకా పోలేదు. ఇప్పుడేం చేయాలి?

చిట్టాపద్దు:
ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. ఆ యాప్ ఓటీపీలు చదివి వాళ్లకు పంపేస్తుంటుంది. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు బ్లాక్ చేయించండి. యాప్ తీసేయడానికి రాకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులు తీసేసి ప్రయత్నించండి. ఫొటోలు భద్రం చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ తర్వాత సిమ్ ఆన్ చేసి ##002# డయల్ చేస్తే, కాల్ ఫార్వార్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే రద్దవుతుంది.

తులసికోట:
బ్యాంకు వాళ్లు అన్నీ బ్లాక్ చేశారు. రీసెట్ అవుతోంది. ఫైలు పంపిన నంబరు స్క్రీన్‌షాట్ ముందే తీసి ఉంచాం, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకు జత చేస్తున్నాను.