వరద వార్త వస్తే మా నాన్న ఇంట్లో ఉండరు. మీ ఇళ్లలో ఎలా?

సత్యనారాయణపురం అబ్బాయి:
టీవీలో ఎక్కడ వాన అన్నా మా నాన్న సౌండ్ పెంచుతారు. ఆయనకు 76 ఏళ్లు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగాయి కదా. మా ఇల్లు రైలు పట్టాలకు ఇవతల, అక్కడికి నీళ్లు రాలేదు. నేను హైదరాబాద్‌లో చిక్కుకుపోయాను. ఐతవరం దగ్గర హైవే మీదికి వరదొచ్చింది, కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అమ్మకు ఫోన్ చేస్తే, "మీ నాన్న ఫ్లైఓవర్ దగ్గరున్నార్రా" అంది. నాకు కాళ్లాడలేదు.

ఆయన నీళ్లలోకి దిగలేదని తర్వాత తెలిసింది. పడవల్లో వచ్చినవాళ్లు దిగే చోట నిలబడి, ఏ వీధిలో ఇంకా ఎవరున్నారో అడిగి రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకున్నారట. ఎవరికి బీపీ బిళ్లలు కావాలి, ఎవరికి ఇన్సులిన్, ఏ మేడ మీద చంటిపిల్ల ఉంది, అన్నీ. పడవ మళ్లీ బయల్దేరేటప్పుడు చీటీ మీద ఎక్కించి ఇచ్చేవారు. ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది, తడిసి ఆరి పేజీలు ఉబ్బిపోయాయి. ఒక చోట "రెండో అంతస్తు, ముసలమ్మ, చెవుడు, గట్టిగా పిలవాలి" అని ఉంది.

మళ్లీ వానలంటున్నారు. ఆపాలా, వెళ్లనివ్వాలా?

ఖమ్మం కోడలు:
ఆపకండి అన్నయ్యా. అదే రోజు మాకు మున్నేరు వచ్చింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది ఇరుక్కుంటే ఒకాయన జేసీబీ తోలుకెళ్లి తీసుకొచ్చారు, గుర్తుందా? ఆ వార్త చూసి మా అత్తయ్య, "ఆయనకు బండి ఉంది, మనకు పొయ్యి ఉంది" అని లేచారు. పప్పన్నం సాయంత్రానికే పాడవుతుందని పులిహోర కలిపారు. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. వేడి మీద పొట్లం కడితే నీరు పట్టి పాచిపోతుందని పాత చీర పరిచి అన్నం ఆరబోసి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులని రోజూ అనే మనిషి ఆ రోజు నొప్పి మాటే ఎత్తలేదు.

కంకిపాడు నుంచి:
నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఏమనుకోవద్దు. మా నాన్నగారు నీళ్లు తీశాక తెలిసినవాళ్ల ఇంట్లో బురద ఎత్తడానికి హవాయి చెప్పులతో వెళ్లారు. ఏదో రేకు గీసుకుంది. సుగర్ మనిషి. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది, డ్రెస్సింగ్ చేసిన ప్రతిసారీ నాకు కళ్లనీళ్లు తిరిగేవి. వెళ్లొద్దని అనను, అన్నా వినరు. గమ్‌బూట్లు కొనివ్వండి. బురద పని కుర్రాళ్లకు వదిలి, మీ నాన్నగారిలా రాసే పని, పిలిచే పని పెద్దవాళ్లకు ఇవ్వండి. జేబులో ఆయన బిళ్లలు, మీ నంబరు రాసిన కాగితం ఉండాలి.

డాలస్ తెలుగమ్మాయి:
ఆ వారమే వినాయక చవితి. బుడమేరు కట్టకు పడిన మూడో గండి పూడ్చింది కూడా చవితి రోజే, 7న. విజయవాడలో మా అమ్మ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పందిరి చందా మొత్తం పాల ప్యాకెట్లకు, మంచినీళ్లకు ఇచ్చేశారు. ఇంటింటికీ తిరిగి ఒప్పించింది అమ్మే. చిన్న మట్టి వినాయకుణ్ణి మెట్ల దగ్గర పెట్టుకున్నారు. వీడియో కాల్‌లో చూసి, పక్కన లేనే అని చాలా బాధపడ్డాను. డబ్బు పంపాను, కానీ ప్యాకెట్లు మోసింది అమ్మ కదా.

సత్యనారాయణపురం అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. బూట్లు తెచ్చాను, ఎనిమిదో సైజు సరిపోయింది. మీరు రాసినవన్నీ నాన్నకు చదివి వినిపించాను. పులిహోర దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తర్వాత నోట్‌బుక్ తెమ్మని, కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ తీశారు. "ఈ చెవుడు ముసలమ్మను మర్నాడు తీసుకొచ్చార్రా, టిక్కు పెట్టడం మర్చిపోయా" అని పెన్ను అడిగారు.