ఆర్ఎక్స్ 100కి 24 ఎంఎం కార్బ్యురేటరా, 28 ఎంఎందా? రోడ్డుకీ డ్రాగ్‌కీ ఒకటే బండి

నెల్లూరు టూస్ట్రోక్:
అన్నా, నాది 95 మోడల్. ఇంజిన్ అంతా స్టాకే (కంపెనీ ఇచ్చినట్టే), సైలెన్సర్ ఒకటే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ వేశా. రోజూ డ్యూటీకి మాగుంట లేఅవుట్ నుంచి దీని మీదే పోతా, ఈసారి శ్రీపెరంబుదూరు కాడ ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో 402 మీటర్ల డ్రాగ్‌కి (తిన్నగా లాగే రేసుకి) కూడా దించాలని ఉంది. కంపెనీ ఇచ్చిన కార్బ్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్) 20 ఎంఎం మికుని. మెకానిక్ 28 కైహిన్ పెట్టమంటన్నాడు. వాడినోళ్లు చెప్పండి.

ఒంగోలు ఆర్ఎక్స్:
28 వద్దబ్బాయ్. నేను పెట్టి ఆర్నెల్లు అవస్థ పడ్డా. స్టాక్ పోర్టులకి (సిలిండర్‌లో గాలి, పొగ పోయే దారులకి) అంత పెద్ద నోరు ఎందుకు, కింద ఆర్పీఎంలో గాలి వేగం పడిపోయి పెట్రోలు సరిగ్గా లాగదు, కర్నూల్ రోడ్డు సిగ్నల్ కాడ క్లచ్ వదిలితే బండి గుక్కపట్టేది. పోర్టింగ్ చేయించిన (ఆ దారులు పెద్దవి చేయించిన) ఇంజిన్‌కైతే వేరే లెక్క. 24కి మారినాక హాయిగా ఉంది.

కావలి రైడర్:
సైజు కన్నా జెట్టింగ్ (కార్బ్‌లో పెట్రోలు వచ్చే బొక్కలున్న జెట్‌ల సైజు సెట్ చేసుకోవడం) ముఖ్యం, ఇది నేను పిస్టన్ పోగొట్టుకుని నేర్చుకున్నా. మే నెల ఎండలో మెయిన్ జెట్ సెట్ చేశా, బ్రహ్మాండంగా లాగింది, అదే జెట్‌తో డిసెంబర్లో తెల్లారుజామున హైవే ఎక్కా, చల్లగాలి చిక్కగా ఉంటది కదా, పెట్రోలు చాలక లీన్ అయిపోయి కొడవలూరు దాటాక ఫుల్ యాక్సిలేటర్ మీద పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం లాక్ అయింది, టక్కున క్లచ్ పట్టబట్టి బతికా. బోరింగ్, ఓవర్‌సైజ్ పిస్టన్ అన్నీ పడ్డాయి. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, దానివల్ల కూడా కొంచెం లీన్ అవుద్ది.

నెల్లూరు టూస్ట్రోక్:
అమ్మో. మరి డ్రాగ్‌కి మెయిన్ జెట్ ఒకటే మారిస్తే చాలా?

కావలి రైడర్:
చాలావరకు. ముప్పావు యాక్సిలేటర్ పైన మెయిన్ జెట్‌దే పెత్తనం, మధ్యలో నీడిల్, ఐడిల్ కాడ పైలట్ జెట్. పెద్ద నంబర్ జెట్ (బొక్క పెద్దది) నుంచి మొదలుపెట్టి ఒక్కో నంబర్ తగ్గించుకుంటా రా, చిన్నదాన్నుంచి పైకి పోబాక. ప్రతిసారీ ఫుల్‌లో లాగి అక్కడే ఇంజిన్ ఆపి క్లచ్ పట్టి ప్లగ్ తీసి చూడు. చాక్లెట్ రంగు ఉండాల, తెల్లగా ఉంటే ప్రమాదం.

ఒంగోలు ఆర్ఎక్స్:
కార్బ్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు పగుళ్లు కూడా చూసుకో, అక్కడ గాలి పీల్చినా లీనే. ఆన్‌లైన్ కాపీ కార్బులు కొనబాక, నాకొచ్చిన దాంట్లో జెట్ మీద నంబర్ ఒకటి, బొక్క సైజు ఇంకోటి. ఈ టెస్టింగ్ అంతా ట్రాక్‌లో చెయ్యి తమ్ముడూ, పొదలకూరు రోడ్డు మీద రాత్రిళ్లు వద్దు, అడ్డం బర్రెలొస్తాయి.

నెల్లూరు టూస్ట్రోక్:
24 తీసుకున్నానన్నా, రబ్బరు కూడా కొత్తది వేశా. ట్రాక్ ప్రాక్టీస్‌లో ఒక్క లాగు లాగి ప్లగ్ తీస్తే ఇంకా తెల్లగానే ఉంది. రెండు నంబర్లు పెద్ద జెట్ తెప్పిస్తన్నా, అదొచ్చేదాకా ఫుల్ యాక్సిలేటర్ ఇవ్వను.